రెండో అధ్యాయంలో చనిపోయిన తల్లి

జూన్ 4

బాబాయ్,

నమస్కారాలు తర్వాత. ముందు శుభవార్త. పదేళ్ళుగా నేను నెత్తిన మోస్తున్న ఆ నవల మళ్ళీ అచ్చవుతోంది. పెద్ద ప్రచురణ సంస్థ. సంపాదకురాలిని నేనే. ముందుమాట నలభై పేజీలకు తగ్గకూడదన్నారు. అడగడమే ఆలస్యం, నాకు నలభై పేజీలు ఒక లెక్కా!

ఫోను చేద్దామనుకున్నాను గానీ, ముప్పయ్యేళ్ళు అచ్చుయంత్రాల పక్కన నిలబడి చెవులు పోగొట్టుకున్నవాడివి. నేను అరిస్తే మా డిపార్టుమెంటంతా వింటుంది, నువ్వు తప్ప.

నేను పాఠం చెప్పేది భారతీయ ఆంగ్ల సాహిత్యమని నీకు తెలుసు. మా వాళ్ళలో ఈ నవల తెలియనివాళ్ళు ఇప్పుడు లేరు. ముప్పై నాలుగేళ్ళ కిందట మూడు వందల కాపీలు అచ్చయి మూలన పడింది. దుమ్ము దులిపి పైకి తెచ్చింది మీ బుడంకాయే. కథ చిన్నది, ఒక తల్లీ కూతురూ. చెప్పిన తీరే గొప్ప. తల్లి రెండో అధ్యాయంలో చనిపోతుంది. మూడులో కూతురికి జడ వేస్తూ కూర్చుంటుంది. నాలుగులో కూతురు తల్లి బట్టలు ఎవరికో ఇచ్చేస్తుంది, ఐదులో తల్లి అవే బట్టలు ఆరేస్తుంది. ఒకడుగు ముందుకు, ఒకడుగు వెనక్కి. చివరి పేజీలో తల్లి తలుపు తీసుకుని లోపలికి వస్తుంది. ఎక్కడా ఒక్క ముక్క వివరణ లేదు. ఇంగ్లీషువాళ్ళ నవల గడియారంలా ముందుకే నడుస్తుంది. ఈ రచయిత్రి వాళ్ళ భాషలోనే రాస్తూ ఆ గడియారాన్ని పగలగొట్టింది. దీనికి నేను ‘గాయపడిన కాలం’ అని పేరు పెట్టాను. ఇప్పుడు అందరూ ఆ మాటే వాడుతున్నారు, కొందరు నా పేరు చెప్పకుండా.

అసలు సంగతి ఇది. కొత్త ముద్రణ కోసం పాత పుస్తకం మొదటి పేజీ వెనక వైపు చూస్తే మీ ప్రెస్సు పేరుంది! పరిశోధన అని ఊరూరూ తిరిగాను, గంప కింద కోడిని మాత్రం చూసుకోలేదు. నీకేమైనా గుర్తుందా? ఒక పేజీ రాసి పంపు, ముందుమాటలో వాడుకుంటాను. ఆగస్టులో ప్రొఫెసర్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ. ఈ పుస్తకం చేతిలో ఉంటే నన్ను కాదనేవాడు పుట్టలేదు.

పిన్ని మోకాళ్ళు ఎలా ఉన్నాయి?

నీ
బుడంకాయ

జూన్ 13

బుడంకాయ్,

నీ ఉత్తరం మీ పిన్ని చదివి వినిపిస్తానంది. నాకు పోయింది చెవులే, కళ్ళు కాదు అన్నాను. ఆవిడ మోకాళ్ళు అలాగే ఉన్నాయి. డాక్టరు మెట్లు ఎక్కొద్దన్నాడు. మేముండేది రెండో అంతస్తు అంటే, అయితే దిగొద్దన్నాడు.

ప్రెస్సు ఇప్పుడు లేదు. అక్కడ సెల్‌ఫోన్లు బాగుచేసే కుర్చీలు నాలుగున్నాయి. మేం సీసపు అక్షరాల టైపు కేసులు పెట్టుకున్న గోడకు అద్దాలు బిగించారు.

ఆ పుస్తకం గుర్తుంది. ఒక కాపీ పంపగలవా? జిరాక్స్ అయినా సరే. రాసినావిడ బతికే ఉందా? నీకు తెలిసి ఉండాలి కదా.

ఇంకో మాట. ముందుమాట కొన్నాళ్ళు ఆపు. ఎందుకని అడగకు, నేనే రాస్తాను. కాస్త కూడదీసుకోవాలి.

బాబాయి

జూన్ 22

బాబాయ్,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు మనసు మనసులో లేదు. ‘ముందుమాట ఆపు’ అంటే ఏమిటా అని బుర్ర బద్దలు కొట్టుకుంటే చివరికి వెలిగింది. నా పరిశోధన గ్రంథంలో కృతజ్ఞతల పేజీలో నీ పేరు లేదు. గైడు పేరుంది, లైబ్రరీ అటెండరు పేరుంది, చివరికి హాస్టల్ వార్డెన్ పేరు కూడా ఉంది. నాన్న పోయాక ఫీజు కట్టినవాడివి, ప్రెస్సులో చెడిపోయిన అచ్చు కాగితాలు మోసుకొచ్చి వాటి వెనక వైపు నాతో అక్షరాలు దిద్దించినవాడివి, నీ పేరు లేదు. అప్పుడు నువ్వేమీ అనలేదు. కడుపులో పెట్టుకున్నావన్నమాట. తప్పు నాదే. ఈ ముందుమాట నీకే అంకితమిస్తాను, సరేనా? అలక మాను.

జిరాక్స్ పంపుతున్నాను. రచయిత్రి ఏమైందో ఎవరికీ తెలియదు. ఆ ఒక్క నవల తర్వాత అక్షరం రాయలేదు. ఆ మౌనం మీద నాది ఒక అధ్యాయమే ఉంది. చెప్పవలసింది ఒకే దెబ్బకు చెప్పేసి భాషనే వదిలేసిన మనిషి అని. అలా రాయకపోవడం కూడా ఒక రచనే బాబాయ్. దీని మీద పోయినేడు మాట్లాడితే హాలంతా లేచి నిలబడింది.

ఇంటర్వ్యూ ఆగస్టు ఇరవై. ముందుమాట ఈ లోపలే వాళ్ళకు చేరాలి. త్వరగా రాయి.

బుడంకాయ

జూలై 1

బుడంకాయ్,

నాకు అలకా లేదు, ఆవకాయా లేదు. కృతజ్ఞతల పేజీ నేను చూడనే లేదు. ఇప్పుడు రాసేది కూర్చుని చదువు.

ఆ నవల కంపోజ్ చేసింది నేను.

రాసినావిడ స్కూలు టీచరు. మేం టీచరమ్మ అనేవాళ్ళం. సెలవు రోజుల్లో స్కూల్లో ఉన్న టైపు మిషను మీద ఒక్కో అధ్యాయం విడిగా కొట్టుకుని, దారంతో కట్టి తెచ్చింది. పద్నాలుగు కట్టలు. ప్రతి కట్టా ఒకటో పేజీతోనే మొదలు. అధ్యాయం నంబరు లేదు, పైన ఒక చుక్క గుర్తు మాత్రమే. వరుసగా పేర్చి ఓనరు చేతికిచ్చి, ఆపరేషనుకని ఆసుపత్రిలో చేరింది.

నాకు ఇంగ్లీషు రాదు. అక్షరాల రూపం తెలుసు. కేసులో ఏ గడిలో ఏది ఉంటుందో చేతికి తెలుసు. చూసింది చూసినట్టు కూర్చేవాణ్ణి. అర్థంతో మాకు పని లేదు. ఇంగ్లీషు రానివాడైతే సొంత తెలివి ఉపయోగించడని ఓనరు ఆ పని నాకే ఇచ్చేవాడు.

మొదటి కట్ట కూర్చుతున్నాను. కూర్చిన పేజీలు చట్రంలో బిగించడానికి రాతి బల్ల ఖాళీ చేయాల్సి వచ్చింది. మిగతా పదమూడు కట్టలూ ఎత్తి స్టూలు మీద పెట్టాను. స్టూలు కాలు ఒకటి పొట్టిది. అన్నీ కింద పడ్డాయి. ఓనరు ఊళ్ళో లేడు. ఉన్నా అడిగేవాణ్ణి కాదు, మనిషి నోరు అలాంటిది. మీ పిన్ని అప్పుడు నిండు నెలలతో ఉంది. ఉద్యోగం పోతే దిక్కు లేదు.

అప్పుడు సొంత తెలివి ఉపయోగించాను. టైపు రిబ్బను వాడేకొద్దీ వెలిసిపోతుంది కదా, కాబట్టి నల్లగా ఉన్నది ముందు కొట్టినది, వెలిసినది తర్వాతది అనుకున్నాను. కట్టలన్నీ కిటికీ దగ్గర పెట్టి నలుపును బట్టి పేర్చాను. నా తెలివికి నేనే మురిసిపోయాను. ప్రూఫులు దిద్దిన ఓనరు అక్షరాలు చూశాడే గాని కథ చూడలేదు.

పుస్తకాలు బైండయ్యాక టీచరమ్మ వచ్చింది. బాగా చిక్కిపోయింది. కౌంటరు దగ్గర నిలబడే నాలుగు పేజీలు తిప్పి, “ఇదేమిటండీ, వరుస ఇలా అయిపోయింది?” అంది. ఓనరు గయ్యిమన్నాడు. “మీరిచ్చిన వరుసే వేశామమ్మా. మా దగ్గర అలాంటివి జరగవు.” నేను రెండు బారల దూరంలో ఉన్నాను. తల ఎత్తలేదు. ఆవిడ, “నేనే తప్పు కట్టి ఇచ్చానేమో. అప్పుడు ఒంట్లో బాగాలేదు” అని వెళ్ళిపోయింది.

నువ్వు పెట్టిన పేరు బాగుంది, గాయపడిన కాలం. గాయం చేసినవాణ్ణి నేను. కొత్త ముద్రణలోనైనా వరుస సరిచెయ్యి తల్లీ.

బాబాయి

జూలై 12

బాబాయ్,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ముందు ఒక్కటి అడుగుతాను, నిజం చెప్పు. ఇది నీ అంతట నువ్వు రాశావా, పిన్ని పక్కన కూర్చుని రాయించిందా? చెల్లికి మా దగ్గర రీసెర్చి సీటు రాలేదని పిన్ని మనసులో ఉందని నాకు తెలుసు. కమిటీలో నేను ఒక్కదాన్నే లేను, ఆ సంగతి ఎన్నిసార్లు చెప్పాలి? సరిగ్గా ఇంటర్వ్యూకి నెల ముందు, ముప్పై నాలుగేళ్ళు నోరు మెదపని కథ ఊడిపడితే నేనేమనుకోవాలి?

సరే, నిజమే అనుకుందాం. నీకు డెబ్బై దాటింది. ఏవో కట్టలు ఎప్పుడో పడి ఉంటాయి, అవి ఈ పుస్తకానివే అని ఏమిటి రుజువు? ఆ వరుసలో ఉన్న అందం స్టూలు కాలు పొట్టిదైతే వచ్చేది కాదు. నేను అందులో పదేళ్ళు బతికాను. నాకు తెలుసు.

ఇంకో సంగతి. ఇది నీకు వింతగా ఉంటుంది గాని, రచయిత ఏమనుకున్నాడన్నది మా శాస్త్రంలో ముఖ్యం కాదు. అచ్చులో ఉన్నదే రచన. ఎవరు పేర్చారు, ఎందుకు పేర్చారు అన్నది పుకారుతో సమానం.

దయచేసి ఈ మాట ఎవరితోనూ అనకు. నీ మంచితనం నా మెడకు చుట్టకు.

ఉంటాను.

జూలై 30

బుడంకాయ్,

మీ పిన్ని నీ ఉత్తరం చదివింది. చదివి మడిచి నా దిండు కింద పెట్టింది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళంటారు, నువ్వు నాలుగో కాలు చూపించినవాణ్ణే కుంటివాడంటున్నావు.

రుజువు అడిగావు కదా, వెతికాను. పాత బైండరు ఇంకా ఉన్నాడు. మంచం మీదే, కానీ జ్ఞాపకం నాకన్నా గట్టిది. అతని మనవడికి టీచరమ్మే చదువు చెప్పిందట. నీళ్ళ ట్యాంకు వెనక వీధిలో చెల్లెలి కూతురి దగ్గర ఉంటోందని చెప్పాడు. మీ పండితులంతా పదేళ్ళు వెతికిన మనిషి మా ఇంటికి రెండు బస్సుల దూరంలో ఉంది!

వెళ్ళాను. ఎనభై ఒకటి. ముందు గదిలో కుర్చీ, పక్కన మందుల డబ్బా. నేను ఫలానా అని చెప్పి, జరిగిందంతా నిలబడే చెప్పాను. నాకు వినపడదు కాబట్టి ఆవిడ జవాబులు పలక మీద రాసింది.

మొదట రాసింది ఇది: “రిబ్బను మధ్యలో మార్చాను.” ఎనిమిది అధ్యాయాలు పాత రిబ్బనుతో, ఆరు కొత్త దానితో. అందుకే ఒకటి ఇక్కడిది, ఒకటి అక్కడిది పడుతూ పోయింది. తల్లి చనిపోయేది తొమ్మిదిలో. తలుపు తీసుకుని లోపలికి వచ్చేది ఎనిమిదిలో, బజారు నుంచి, చేతిలో సంచీతో.

తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. ఇన్నాళ్ళూ తప్పు తనదే అనుకుందట. ఎందుకమ్మా మళ్ళీ రాయలేదు అని అడిగాను. పలక తుడిచి రాసింది: “సొంత కథకు వరుస పెట్టుకోలేనిదాన్ని ఇంకేం రాస్తాను అనుకున్నా.”

నువ్వు హాలంతా లేపి నిలబెట్టి చప్పట్లు కొట్టించుకున్న మౌనం అదమ్మా. నోరు మూసుకున్నది నేను. శిక్ష ఆవిడ అనుభవించింది.

కార్బన్ కాపీ దాచుకుంది, అసలు వరుసలో. జిరాక్స్ తీయించి రిజిస్టర్డ్ పోస్టులో పంపుతున్నాను. ఆవిడ అడిగింది ఒక్కటే. పోయేలోగా ఒక్కసారి తన వరుసలో అచ్చులో చూసుకోవాలని. నేను మాటిచ్చాను. ఇవ్వడానికి నేనెవరినని నువ్వు అడగొచ్చు. ఎవరినీ కాను. నువ్వున్నావనే ధైర్యంతో ఇచ్చాను.

బాబాయి

ఆగస్టు 11

బాబాయ్,

నన్ను క్షమించు. పిన్ని కాళ్ళ మీద పడ్డానని చెప్పు. నోటికొచ్చినట్టు రాశాను, భయంతో రాశాను.

కట్ట వచ్చింది. ఏకబిగిన చదివాను. తొమ్మిదో అధ్యాయం దగ్గర ఏడుపు ఆగలేదు. ఎనిమిది అధ్యాయాలు ఆ తల్లితో ఉన్నాక ఆవిడ పోతే మన ఇంట్లో మనిషి పోయినట్టే ఉంది. పదేళ్ళలో ఈ నవలకు నేను ఏడవడం ఇదే మొదటిసారి.

ప్రచురణకర్తతో మాట్లాడాను. వాళ్ళు ఉబ్బితబ్బిబ్బయిపోతున్నారు. ఇంత పెద్ద సంగతి బయటపడితే మొత్తం పుస్తకమే కొత్తగా చూడాలి అన్నారు. ముందుమాట చించేసి మళ్ళీ మొదలుపెట్టాను. నీకూ ఆవిడకూ ఇద్దరికీ న్యాయం జరిగేలా చూస్తాను. కాస్త ఓపిక పట్టు.

నాకు కొన్ని వివరాలు కావాలి. ఎన్నో తరగతి దాకా చదివావు? కట్టలు పడినప్పుడు నీ మనసులో ఏముంది, భయం ఒక్కటేనా, లోపల ఎక్కడో ఆ భాష మీద కోపం కూడా ఉందా? బాగా ఆలోచించి రాయి. చెల్లిని అడిగి నీ చేతుల ఫోటో ఒకటి తీయించి పంపు. చేతులు చాలు, మొహం అక్కర్లేదు.

నీ
బుడంకాయ

ఆగస్టు 19

బంగారుతల్లీ,

నీ ఉత్తరం పట్టుకుని ఆ రోజే టీచరమ్మ దగ్గరికి పరుగెత్తాను. మాట ఇచ్చినవాడు నిలబెట్టుకున్నాడని రాసింది. నేను కాదు మా అమ్మాయి అన్నాను. కళ్ళకు కొత్త అద్దాలు వేయించుకుంటోంది. ఇన్నాళ్ళూ ఎందుకులే అని ఊరుకుందట.

ఏడో తరగతి. కోపమేమీ లేదు. భాష మీద మనకెందుకు కోపం, అది మనల్ని ఏం చేసింది? భయమే. ఓనరు చూస్తే ఏమంటాడోనని, అంతే.

చేతులు ఎందుకో తెలియదు గాని ఫోటో పంపుతున్నాను. బొటనవేలి గోరు చచ్చిపోయి చాలా కాలమైంది, అది ఫోటో తీసిన వాళ్ళ తప్పు కాదు.

రేపు ఇంటర్వ్యూ కదా. జయం నీదే.

బాబాయి

జనవరి 16

బాబాయ్,

ఆర్డరు చేతికొచ్చింది. ప్రొఫెసర్‌ని! ఇంటర్వ్యూలో గంటసేపు నీ గురించే మాట్లాడాను. పెద్దాయన ఒకరు కళ్ళు తుడుచుకున్నారు.

పుస్తకమూ వచ్చేసింది. రెండు కాపీలు పంపుతున్నాను, నీకొకటి, ఆవిడకొకటి. ముందుమాట పేరు ‘అక్షరాలు కూర్చిన చెయ్యి’. దాని మొదటి పేజీ మీద నీ చేతులే!

నువ్వు పొరపాటు చేశాననుకుంటున్నావు. కాదు బాబాయ్. ఇంగ్లీషు రాని కార్మికుడు, ఆ భాషకు బయట నిలబడి, అర్థంతో కాదు, నలుపుతో తెలుపుతో దాన్ని చదివాడు. చదివి దాని కాలాన్ని విరిచేశాడు. అది తెలియకుండానే చేసిన ఎదిరింపు. నువ్వు ఈ నవలకు సహరచయితవు. ఇలాంటి మాట మా రంగంలో ఇంతవరకూ ఎవరూ అనలేదు.

వరుస విషయం చెప్పాలి. పాత వరుసే ఉంచాం. నువ్వు తొందరపడకుండా విను. ఆ వరుస సిలబస్‌లలో ఉంది, దాని మీద నావే కాదు, ఎందరివో వ్యాసాలున్నాయి. మారిస్తే నీ చెయ్యే పుస్తకంలోంచి పోతుంది, నా ముందుమాటకు నిలబడే చోటుండదు. ఆవిడ వరుసను ముందుమాట ముప్పై తొమ్మిదో పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఇచ్చాను. కావాలనుకున్నవాళ్ళు అలా చదువుకోవచ్చు. ఇది ఇద్దరికీ న్యాయమే కదా?

ఫిబ్రవరి ఇరవైన ఆవిష్కరణ. నువ్వు వేదిక మీద కూర్చోవాలి. ఆవిడను కూడా తీసుకురా, కారు పంపుతాను.

నీ
బుడంకాయ

ఫిబ్రవరి 9

ప్రొఫెసర్ గారికి,

మీరు పంపిన రెండు కాపీలూ అందినవి.

నీ ఉత్తరం వచ్చే లోపే పుస్తకాలు వచ్చాయి. అదే నా ఖర్మ. పోస్టువాడు ఇవ్వగానే విప్పి చూడకుండా టీచరమ్మ చేతిలో పెట్టాను. విప్పినా నాకు తెలిసేది కాదు. ఆవిడ కొత్త అద్దాలు పెట్టుకుంది. మొదటి అధ్యాయం చివరి పేజీ చూసింది, తిప్పింది. అక్కడే ఆగింది. వెనక్కి వెళ్ళి మళ్ళీ తిప్పింది. పలక మీద ఏమీ రాయలేదు. నా మొహం వైపు చూసి పెదవులు కదిలించింది. వినపడకపోయినా ఆ మాట నాకు అర్థమైంది. “మళ్ళీ నేనే తప్పు కట్టి ఇచ్చానా?”

ఈసారి కౌంటరు వెనక తల వంచుకుని నిలబడినది నేను కాదు. నువ్వు. ఆ ఓనరుకు పెద్ద చదువు లేదు, నోరు మాత్రమే ఉండేది. నీకు రెండూ ఉన్నాయి.

ఎదిరించానని రాశావు. భయపడ్డానని నీకు రాశాను, ఏడో తరగతి అని రాశాను. నీ ముందుమాటలో సంగతి మీ చెల్లి తెలుగులో రాసి చూపించింది, ఏడో తరగతి తీసుకుని భయం వదిలేశావు. మనిషి తన తప్పు ఒప్పుకుంటే దాన్ని కూడా గొప్ప చేసి ఎత్తుకుపోతారా మీ శాస్త్రంలో? అది నా తప్పు. నాకు మిగిలింది అదొక్కటే, దాన్నీ నాకు ఉంచలేదు.

వేదిక మీదికి రాను. టీచరమ్మ రాదు. మీ పిన్ని మెట్లు దిగదు.

ఇక చేసిన పని చెబుతాను. రెండు కాపీలూ ఇంటికి తెచ్చుకున్నాను. ఒక్కదానితో కుదరదు. ఒక అధ్యాయం అయిపోయిన కాగితం వెనకే ఇంకోటి మొదలవుతుంది. రెండింటి కుట్లూ విప్పి, అక్కరలేని వైపు తెల్ల కాగితం అంటించాను. టీచరమ్మ కార్బన్ కాపీ పక్కన పెట్టుకుని, ఒక్కో అధ్యాయం మొదటి మాట అక్షరం అక్షరం పోల్చి చూసుకున్నాను. ఒకటి నుంచి పద్నాలుగు. మూడుసార్లు చూశాను. బైండరు మంచం మీది నుంచే సూది ఎలా తిప్పాలో చెప్పాడు. అట్ట గట్టిది వేశాను. పేజీ నంబర్లు తప్పుగానే ఉన్నాయి, వాటిని నేనేం చేయలేను.

పోయిన వారం ఇచ్చాను. నాలుగు రోజుల్లో చదివింది. నిన్న వెళ్తే పుస్తకం ఒళ్ళో ఉంది. పలక మీద రాసి చూపించింది: “ఇంత బాగా రాశానా?” నేను తల ఊపాను. ఆవిడకు ఎనభై ఒకటి అమ్మా. ఆ సంగతి తెలియడానికి ముప్పై నాలుగేళ్ళు పట్టింది.

మీ ముందుమాట నలభై రెండు పేజీలు, రెండు ప్రతులూ, నా చేతుల ఫోటోతో సహా, ఈ కవరులో పెడుతున్నాను. ఆవిడ పుస్తకంలో వాటికి చోటు దొరకలేదు.

ఇట్లు,
కంపోజిటరు